డిగ్రీ అబ్బాయిది, అసైన్‌మెంట్లు మీవా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజినీరింగ్‌లో కోరుకున్న బ్రాంచ్ రాలేదు. గ్రూప్స్‌కి ప్రిపేరవుతానని, కాలేజీకి వెళ్తే టైమ్ వేస్టని అంటున్నాడు. డిగ్రీ దూరవిద్యలో చేయిద్దామనుకుంటున్నాం. సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయమా, ప్రైవేటు యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీయా, ఏది మేలు? పరీక్షలకు వెళ్తే చాలని, అసైన్‌మెంట్లు రాసిపెట్టేవాళ్లు ఉంటారని తెలిసినవాళ్లు చెప్పారు. ఆ పనులన్నీ నేను చూసుకోగలను. సర్టిఫికెట్ మీద ‘దూరవిద్య’ అని ఉంటుందా? రేపు ఎవరైనా చూస్తే బాగుండదు కదా. ఆన్‌లైన్‌లో బీటెక్ కూడా ఉందంటున్నారు, నిజమేనా?
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినవి నాలుగైదు ప్రశ్నలు. వాటి వెనక ఉన్న గుబులు ఒక్కటే: కాలేజీకి వెళ్లని కొడుకు గురించి నలుగురికీ ఏం చెప్పుకోవాలి? ఈ గుబులు నా దగ్గరికి రకరకాల వేషాల్లో వస్తుంటుంది. కొందరు విలువ ఉంటుందా అంటారు, కొందరు ఉద్యోగం వస్తుందా అంటారు. మీరు సర్టిఫికెట్ మీద ఏం రాసి ఉంటుందని అడిగారు. ముందు అదే చెప్పేస్తాను.

ఉంటుంది. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల కోసం విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యార్థి ఏ విధానంలో చదివాడు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు పూర్తి చేశాడు అన్నవి మెమోలు, పట్టా వెనకవైపు వేయాలి. దాచడం కుదరదు. దాచాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే అవే నిబంధనల్లో 22వది, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ రోజూ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని చెబుతోంది. 2022లో యూజీసీ ఈ సంగతిని మళ్లీ విడిగా ప్రకటించింది. మీ అబ్బాయి ఆ డిగ్రీతో గ్రూప్స్ రాయొచ్చు, సివిల్స్ రాయొచ్చు, బ్యాంకు పరీక్షలు రాయొచ్చు, పీజీలో చేరొచ్చు. ఇంటర్ పాసై ఆ తర్వాతే డిగ్రీ చేస్తున్నాడు కాబట్టి రేపు లా చదువుతానన్నా అడ్డు లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పెట్టారు. దానికి అంబేడ్కర్ పేరు 1991లో పెట్టారు. జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో వచ్చింది 1985లో. ఇన్నేళ్లుగా వాటిలో ఉద్యోగం చేస్తూ చదివినవాళ్లున్నారు, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లున్నారు. వాళ్లెవరూ మెమో వెనకవైపు కాగితం అంటించుకుని తిరగలేదు.

ఒక మినహాయింపు మాత్రం ఉంది. కొన్ని ప్రైవేటు కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ‘ఫుల్ టైమ్ రెగ్యులర్ డిగ్రీ’ అని షరతు పెడతాయి. చట్టం సమానమన్నంత మాత్రాన ఆ కంపెనీ మనసు మారదు. మీవాడి గురి ప్రభుత్వోద్యోగం అయితే దీని గురించి టెన్షన్ వద్దు. రెండేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ వైపు మనసు మళ్లితే మాత్రం ఇది గుర్తొస్తుంది.

ఇక మీ ఉత్తరంలో నాకు నచ్చని మాట దగ్గరికి వస్తాను. ‘ఆ పనులన్నీ నేను చూసుకోగలను.’ ఏ పనులు సార్? అప్లికేషన్ మీరు నింపుతారు, ఫోన్ నంబరు మీది ఇస్తారు, ఓటీపీ మీకొస్తుంది, అసైన్‌మెంట్లు డబ్బులిచ్చి రాయిస్తారు, చివరి తేదీలు మీరు గుర్తుపెట్టుకుంటారు. మరి అబ్బాయి చేసేదేమిటి? ఈ చదువులో పాఠం వినిపించేవాళ్లు, హాజరు వేసేవాళ్లు రోజూ ఎదురుగా ఉండరు. తనంతట తాను పుస్తకం తెరవడం, తేదీ చూసుకోవడం, ఆఫీసుకు మెయిల్ రాయడం ఇవన్నీ ఆ చదువులో సగం. ఆ సగాన్ని మీరు లాగేసుకుంటే మిగిలేది పరీక్ష హాల్లో మూడు గంటలే. ప్రేమ అనుకుని చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాణ్ని గ్రూప్స్ రాసి ఆఫీసర్ అవ్వమంటూనే, వాడి అసైన్‌మెంట్ కవరు మీద అడ్రసు కూడా మీరే రాస్తానంటే ఎలా?

పైగా అది తప్పు కూడా. ఉదాహరణకు ఇగ్నోలో అసైన్‌మెంట్ విద్యార్థి సొంత దస్తూరీతో ఉండాలి. కాపీ అని తేలితే తిరస్కరిస్తారు. బజారులో దొరికే ‘సాల్వ్‌డ్ అసైన్‌మెంట్లు’ ఎలా ఉంటాయో దిద్దేవాళ్లను అడగండి: ఒకే జవాబు, అదే వరస, మూడో పేరాలో అదే అక్షరదోషం, ఒకే కట్టలో నాలుగు పేర్లతో. వాటికి సాధారణంగా 30 శాతం వెయిటేజీ, చివరి పరీక్షకు 70 శాతం. ఆ 30 పోతే పోయిందిలే అనుకోవడానికీ లేదు, అసైన్‌మెంట్‌లోనూ పరీక్షలోనూ విడివిడిగా పాసైతేనే ఆ సబ్జెక్టు అయినట్టు.

‘పరీక్షలకు వెళ్తే చాలు’ అన్న మీ తెలిసినవాళ్ల మాట కూడా లెక్కకు నిలవదు. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే సెమిస్టరుకు 20, అంటే 600 గంటలు. దాన్ని ఆరు నెలలకు పంచితే రోజుకు మూడు గంటల పైమాటే, ఆదివారాలు, పండగలు కలిపి. కాలేజీకి వెళ్తే టైమ్ వేస్టన్న అబ్బాయికి ఈ లెక్క చూపించండి. బీఏలో చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం తీసుకుంటే ఆ గంటల్లో కొన్ని గ్రూప్స్‌కీ పనికొస్తాయి. దూరవిద్య వైపు నేను మొగ్గేది ఇలాంటి కలయిక ఉన్నప్పుడే. ఎంపీసీ చదివాడు కదా అని బీఎస్సీలో వేస్తే ప్రాక్టికల్స్‌కి హాజరు తప్పనిసరి. అప్పుడు ‘ఇంట్లో కూర్చుని’ అన్నది మరిచిపోవాలి.

ప్రాస్పెక్టస్‌లో ఉన్నా ఎవరూ చదవని విషయాలు కొన్ని ఉన్నాయి. కాలేజీలో పై ఏడాదికి వెళ్లడం దానంతటదే జరిగిపోతుంది. దూరవిద్యలో రీ-రిజిస్ట్రేషన్ అని మళ్లీ ఫీజు కట్టి, సబ్జెక్టులు ఎంచుకుని నమోదు చేసుకోవాలి. కింది పేపర్లు పాసయ్యారా లేదా అన్నదానితో దానికి సంబంధం ఉండదు. అది మరిచిపోతే ఆరు నెలలో ఏడాదో పోతుంది. పరీక్ష ఫారం మళ్లీ వేరు, పేపరుకింత అని దాని ఫీజు వేరు. ఇగ్నోలో టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి, అసైన్‌మెంట్లు అంతకుముందే ఇచ్చేయాలి. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు పూర్తి చేసుకునే వెసులుబాటు ఉంది. ఈ వెసులుబాటే చాలామందిని ముంచుతుంది. ఈసారి ప్రిలిమ్స్ ఉంది, వచ్చేసారి రాద్దాం అంటూ జరుపుకుంటూ పోతారు.

గ్రూప్స్ రాసేవాళ్లకు ఇందులో ఒక ప్రమాదం ఉంది. మీకు ఇది విడిగా చెప్పాలి. నోటిఫికేషన్ నాటికి డిగ్రీ చేతిలో ఉండాలన్నది మామూలు షరతు. పరీక్షలన్నీ పాసైన కుర్రాడు వెబ్‌సైట్‌లో గ్రేడ్ కార్డు తెరుస్తాడు. పదిహేడు సబ్జెక్టుల ఎదురుగా ‘కంప్లీటెడ్’ అని, ఒక్కదాని ఎదురుగా ‘నాట్ కంప్లీటెడ్’ అని ఉంటుంది. చూస్తే అసైన్‌మెంట్ గడిలో చిన్న గీత. స్టడీ సెంటర్‌లో ఇచ్చాడు, మార్కులు పైకి ఎక్కలేదు. ఇచ్చినట్టు రసీదు ఉంటే కొన్ని వారాల్లో సరిచేయించుకోవచ్చు. రసీదు లేకపోతే మళ్లీ కొత్త అసైన్‌మెంట్ రాయడమే, ఈలోగా నోటిఫికేషన్ దాటిపోతుంది. అందుకని ప్రతి అసైన్‌మెంట్‌నూ ఇచ్చే ముందు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఫోన్‌లో ఫొటో తీసి, రసీదుతో కలిపి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఆ పని మీవాడే చేయాలి.

ఇప్పుడు ఆన్‌లైన్ డిగ్రీల సంగతి. ఇందులో నాకు అనుమానాలు ఎక్కువ, దాచుకోను. యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ చెల్లుతుంది, అందులో సందేహం లేదు. ఇబ్బంది దాన్ని అమ్మే తీరుతో. ఒక్కసారి వెబ్‌సైట్‌లో మీ నంబరు ఇచ్చి చూడండి, సాయంత్రానికల్లా ‘అడ్మిషన్ కౌన్సెలర్’నంటూ ఫోన్ మొదలవుతుంది. ఈ రోజే కడితే ఫీజులో తగ్గింపు, ఈఎంఐ, ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’. అతను కౌన్సెలర్ కాదు సార్, సేల్స్‌మ్యాన్. అసిస్టెన్స్ అంటే ఉద్యోగం కాదు. రెజ్యూమె ఎలా రాయాలో చెప్పే రెండు వీడియోలూ అసిస్టెన్సే. అతను ఈఎంఐ అంటున్నది చాలాసార్లు మీ పేరు మీద తీసుకునే అప్పు. అబ్బాయి మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు.

ఇంకో సంగతి. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే అయి ఉండాలి, చదువు నడిపే బాధ్యతా దానిదే అయి ఉండాలి. ఎడ్‌టెక్ కంపెనీలతో, అంటే ఆన్‌లైన్ చదువుల వ్యాపారం చేసే కంపెనీలతో, ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు నడపడం కుదరదని 2022 జనవరిలోనే యూజీసీ హెచ్చరించింది. మీకు ఫోన్ చేసినవాళ్లు ఏ పేరుతో రసీదు ఇస్తారో అడగండి. సమాధానం చెప్పడానికి తడబడితే ఫోన్ పెట్టేయండి.

‘మా యూనివర్సిటీకి గుర్తింపు ఉంది’ అన్న మాటతోనూ సరిపెట్టుకోవద్దు. అనుమతి యూనివర్సిటీ మొత్తానికి ఒకసారి ఇచ్చేసేది కాదు. ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి అన్నది యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఉంటుంది. నిన్న ఉన్న కోర్సు రేపు ఉండకపోవచ్చు. సైకాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ లాంటివి ఆరోగ్య రంగం కిందికి వస్తాయని 2025 జూలై అడ్మిషన్ల విడత నుంచి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఆపేశారు.

ఆన్‌లైన్ బీటెక్ అన్న ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క: లేదు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, లా ఇవేవీ దూరవిద్యలో చేయడానికి లేదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలిస్తే ఏమైందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్ల పట్టాలను నిలిపేసి మళ్లీ పరీక్ష రాయమన్నారు, ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దే చేశారు. అప్పటికి వాళ్లు ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో ఉన్నారు. మీరు విన్నది బహుశా ఐఐటీ మద్రాసు 2021లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సు అయి ఉంటుంది. అది బీఎస్ (సైన్స్ డిగ్రీ), బీటెక్ కాదు. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు కానీ నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష గట్టెక్కాలి, పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లాడికి మంచిదే. గ్రూప్స్‌తో పాటు పక్కన పెట్టుకుని నడిపే కోర్సు కాదది.

ఏది మేలని అడిగారు కదా. మీవాడి గురి గ్రూప్సే అయితే సార్వత్రిక విశ్వవిద్యాలయం చాలు. ఫీజు తక్కువ, సిలబస్ కలిసొస్తుంది, స్టడీ సెంటర్ అని వెళ్లి అడగడానికి ఒక చోటు ఉంటుంది. ఆన్‌లైన్ డిగ్రీ ఎవరికంటే, ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ప్రమోషన్ కోసం డిగ్రీ కావాల్సినవాళ్లకి, ఊరూరా తిరిగే పనిలో ఉన్నవాళ్లకి. ఇంట్లో ఖాళీగా ఉన్న కుర్రాడికి మళ్లీ ఒక ల్యాప్‌టాప్ స్క్రీన్ నేను రాయను.

అయితే మూడో దారి ఒకటుంది. దగ్గరలో ఏదైనా మామూలు డిగ్రీ కాలేజీలో చేరడం. మీరు దాని ఊసే ఎత్తలేదు. కాలేజీ వేస్టని అబ్బాయి అంటున్నది నిజంగా గ్రూప్స్ కోసమేనా, బ్రాంచ్ రాలేదన్న చిన్నతనంతో తోటివాళ్ల ముఖం చూడలేకనా? రెండోదైతే ఇంట్లో కూర్చోబెట్టడం దానికి మందు కాదు. ఈ మాట మీరు కోప్పడకుండా అడగాలి, వాడు జవాబు చెప్పేదాకా ఓపిక పట్టాలి. బ్రాంచ్ రాకపోవడం ఈ వయసులో పెద్ద దెబ్బలాగే తగులుతుంది, ఏడాది తిరిగేసరికి దాని పదును పోతుంది. ఇప్పుడు కాలేజీలో చేరితే దూరవిద్య తలుపు మూసుకుపోతుందనీ అనుకోవద్దు. 2022 నుంచి కాలేజీలో ఒక డిగ్రీ, దూరవిద్యలో మరొకటి ఒకేసారి చేయడానికి యూజీసీ ఒప్పుకుంటోంది.

చివరికి దూరవిద్యే అనుకుంటే ఫీజు కట్టకముందు ఒక పని ఉంది. ఈ కోర్సుల్లో చేరాలంటే డెబ్ ఐడీ (డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో ఇచ్చే నంబరు) ఉండాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) కావాలి. డిజిలాకర్‌లో మొదలుపెడితే ఒక పూట పని. ల్యాప్‌టాప్ అబ్బాయి ముందు పెట్టి మీరు పక్క గదిలోకి వెళ్లండి. నంబరు వాడిదే ఇవ్వనివ్వండి, ఓటీపీ వాడి ఫోన్‌కే రానివ్వండి. తప్పు కొట్టి మళ్లీ మొదలుపెట్టినా కొట్టనివ్వండి. జూలై విడత దాటిపోతుందని కంగారుపడి మీరు లాక్కోవద్దు, జనవరిలో ఇంకో విడత ఉంటుంది.