జిమ్ ఏమన్నాడు?

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. అమెరికాలో బడిపిల్లలకు మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ పాఠం చెబుతూ ఆ అనుభవాన్ని తెలుగువాళ్ల కోసం రాయాలనుకోవడం మంచి ఆలోచన. భాష శుభ్రంగా ఉంది. మెచ్చుకోలు ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే మూడో వ్యాసం చదివితే నాకు కోపం వచ్చింది.

పదిహేనో అధ్యాయం గురించి రాసింది అది. ఇంటినుంచి పారిపోయిన తెల్లపిల్లవాడు హక్, పారిపోయిన నల్లజాతి బానిస జిమ్ ఒకే తెప్ప మీద నదిలో పోతుంటారు. పొగమంచులో హక్ చిన్న పడవలోనూ జిమ్ తెప్ప మీదా విడిపోతారు. తీరా కలిశాక, అలసి నిద్రపోయిన జిమ్‌ని లేపి, పొగమంచూ లేదు ఏమీ లేదు, అంతా నీ కల అని నమ్మిస్తాడు హక్. జిమ్ నమ్మి కలకు అర్థాలు కూడా చెబుతాడు. అప్పుడు తెప్ప మీద పడి ఉన్న ఆకులూ చెత్తా, విరిగిన తెడ్డూ చూపించి వీటికి అర్థమేమిటని హక్ అడుగుతాడు. జిమ్ చెత్త వంక చూస్తాడు, హక్ వంక చూస్తాడు, మళ్లీ చెత్త వంక చూస్తాడు. స్నేహితుడి నెత్తిన మట్టి పోసి సిగ్గుపడేలా చేసేవాళ్లే చెత్త అని చెప్పి, లేచి లోపలికి వెళ్లిపోతాడు. మనసు కూడగట్టుకోవడానికి హక్‌కి పావుగంట పడుతుంది. చివరికి వెళ్లి తప్పు ఒప్పుకుంటాడు.

ఇదంతా చక్కగానే చెప్పావు. ఆ తర్వాత, వెనక వరసలోని నల్లజాతి అమ్మాయి చెయ్యెత్తి “మరి జిమ్ ఏమన్నాడు?” అని అడిగిందని రాశావు. దాని వెంటనే నీ వాక్యాలు: “ఆ ప్రశ్న అందరినీ ఆలోచింపజేసింది. ఈ నవలలో ప్రధాన ఇతివృత్తాలు నాలుగు.”

ఆ పిల్ల చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది, నువ్వు బోర్డు దగ్గరకు వెళ్లిపోయావు! తన జాతిని అవమానించే మాట 200 సార్లకు పైగా వచ్చే పుస్తకాన్ని తోటి పిల్లల మధ్య కూర్చుని చదివింది ఆ అమ్మాయి. ఈ కథంతా మనం తెల్లపిల్లవాడి నోటి నుంచే వింటున్నాం. తనకు ఎంతసేపు పట్టిందో హక్ చెప్పాడు. ఆ పని చేసినందుకు తర్వాత ఎన్నడూ విచారించలేదనీ చెప్పాడు. జిమ్ ఏం జవాబిచ్చాడో మాత్రం హక్ చెప్పలేదు. అధ్యాయం అక్కడే ముగుస్తుంది. జవాబు రాని ఆ చోటును అంత చిన్న పిల్ల పట్టుకుంటే, ఆమె వెంట వెళ్లడం కన్నా ఉపాధ్యాయురాలికి, అందులోనూ రాయాలనుకునే మనిషికి, ఏం కావాలి?

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఇతివృత్తాన్ని ముందు బోర్డు మీద రాస్తే పాత్ర చచ్చిపోతుంది. స్వేచ్ఛ, బానిసత్వం, మనస్సాక్షి, సమాజం అని రాసిన తర్వాత ఏ పిల్లవాడూ జిమ్ వంక చూడడు, బోర్డు వంకే చూస్తాడు. నీ రెండో వ్యాసంలో జిమ్ పాత్ర చిత్రణ చూడు: నమ్మకస్తుడు, అమాయకుడు, మూఢనమ్మకాలున్నవాడు, దయగలవాడు. బజారు గైడులో ఉండేవి ఇవే మాటలు. ఆ వరసలో ‘అమాయకుడు’ అన్నది పదహారో అధ్యాయం దగ్గర నిలవదు. ఆ అమ్మాయి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు కూడా అక్కడే ఉంది.

హక్ తప్పు ఒప్పుకున్న తర్వాతి అధ్యాయంలోనే జిమ్ తన మనసులోని మాటలు బయటపెడతాడు. స్వేచ్ఛ దొరకగానే డబ్బు కూడబెట్టి భార్యను కొంటానంటాడు, తర్వాత ఇద్దరూ కష్టపడి పిల్లలిద్దరినీ కొంటామంటాడు, యజమాని అమ్మకపోతే ఎవరి చేతనైనా దొంగతనంగా తెప్పిస్తానంటాడు. చట్టం కళ్లలో అది నేరం. అంత మాట హక్‌కి ఎందుకు చెప్పాడో పిల్లల్ని అడుగు. ఆ మాటలకు బెదిరిన హక్ జిమ్‌ని పట్టిస్తానని పడవలో బయలుదేరతాడు. వెనక నుంచి జిమ్ కేక వేస్తాడు: తనకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్న తెల్లదొర నువ్వొక్కడివే అని. హక్ కాళ్లూ చేతులూ ఆడవు. పారిపోయిన బానిసల కోసం వెతుకుతున్న ఇద్దరు మనుషులు ఎదురైతే, తెప్ప మీద మశూచి ఉందనుకునేలా మాట్లాడతాడు. వాళ్లు దగ్గరకు రాకుండా చెరొక 20 డాలర్ల బంగారు నాణెం చెక్కపలక మీద పెట్టి నీళ్లలో వదిలి పోతారు. హక్ తిరిగొచ్చేసరికి తెప్ప మీద జిమ్ లేడు. చుక్కాని తెడ్డు కింద నీళ్లలో ఉన్నాడు, ముక్కు మాత్రం పైకి పెట్టుకుని. మాటలన్నీ వింటూనే ఉన్నాడు, వాళ్లు తెప్ప ఎక్కితే ఒడ్డుకు ఈదిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

అంతగా పొగిడినవాడు నీళ్లలోకి ఎందుకు దిగాడు? హక్‌ని నమ్మాడా, లేదా? హక్ దేనికి వెళుతున్నాడో జిమ్‌కి తెలుసనే నేను అనుకుంటాను. నీ పిల్లలు కాదంటే ఇంకా మంచిది, పుట తిప్పి చూపించమను.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక మాసపత్రికకు కథ పంపాను. అత్త పోయాక కోడలు ఆమె పెట్టె తెరుస్తుంది. అడుగున తన పెళ్లినాటి గాజులు, తాను పోయాయనుకున్నవి, గుడ్డలో మూటకట్టి కనబడతాయి. పెట్టె మూసి, వంటింట్లోకి వెళ్లి బియ్యం కడుగుతుంది. కథ అంతే. “ఇతివృత్తం బాగుంది, సందేశం స్పష్టం కాలేదు” అని సంపాదకుడు ఉత్తరం రాశాడు. నేను మార్చలేదు. కథ అచ్చయింది, చివర నేను రాయని వాక్యంతో: “ఆమెకు మానవ సంబంధాల విలువ తెలిసివచ్చింది.” మా అమ్మ చదివి, ఈ చివరి మాట నువ్వు రాసిందేనా అని అడిగింది. ఆ పత్రికకు మళ్లీ కథ పంపలేదు. ఇప్పుడు సందేశం అడగడం పోయి, ఇది ఏ వాదం కథ అని అడగడం వచ్చింది. రెండూ ఒకటే.

నాలుగో వ్యాసంలో జిమ్ కూతురి కథకు ‘పితృవాత్సల్యం’ అని శీర్షిక పెట్టావు. తీసెయ్యి. తలుపు వెయ్యమంటే నవ్వుతూ నిలబడిందని నాలుగేళ్ల పిల్లను కొట్టాడు జిమ్. కాసేపటికి గాలికి ఆమె వెనకే తలుపు ధడేలున మూసుకున్నా పిల్ల కదల్లేదు. జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు చెవులు వినబడవని అప్పుడు తెలిసింది. ఒడ్డు మీద ఏదో చప్పుడు వినబడి ఇది గుర్తొచ్చిందని జిమ్ చెబుతాడు. ఆ చప్పుడు దగ్గర మొదలుపెట్టు.

పుస్తకంగా వెయ్యాలా, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు. ఆ సంగతి ఇప్పుడు వద్దు, తొందర లేదు. మార్క్ ట్వేన్ ఈ నవల 1876లో మొదలుపెట్టి, మధ్యలో పక్కన పెట్టి, 1883లో గానీ పూర్తి చెయ్యలేదు. అమెరికాలో 1885లో అచ్చయితే, ఆ ఏడే కాంకర్డ్ పట్టణ గ్రంథాలయం దాన్ని వద్దని తీసేసింది.

చివరి అధ్యాయాలు నువ్వు ఇంకా చెప్పలేదనుకుంటాను. హక్ స్నేహితుడు టామ్ సాయర్ వచ్చి, అప్పటికే యజమానురాలి వీలునామాతో స్వేచ్ఛ పొందిన జిమ్‌ని, ఆ సంగతి దాచిపెట్టి, విడిపించే ఆట ఆడించే భాగం. అది చదవడం నాకు ఇప్పటికీ కష్టమే. ట్వేన్ అక్కడ జిమ్‌కి అన్యాయం చేశాడని కొందరంటారు, నేనూ అంటాను. నువ్వు ఏ పక్షమూ చెప్పకు. పిల్లల చేత చదివించి, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు