'దాటితే' దగ్గర ఆపు

తమ్ముడూ,

నువ్వు పంపిన ట్రైలర్ స్క్రిప్ట్ చదివాను. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివితే 3 నిమిషాల 20 సెకన్లు వచ్చింది. డైలాగులు 34. ఏదీ వదలబుద్ధి కాకపోవడం మొదటిసారి అందరికీ ఉండేదే. కానీ తండ్రి ఎలా పోయాడో, ఇసుక కాంట్రాక్టరు ఎందుకు చంపించాడో, కొడుకు లారీ డ్రైవరుగా ఊళ్లోకి ఎందుకొచ్చాడో అన్నీ చెప్పేశావు. ఇంక టికెట్టు కొనేది దేనికి?

ముందు ఒక్క ప్రశ్న తేల్చుకో. నీ కథకు అది 'వీడు నిజంగా లారీ డ్రైవరేనా?' అనుకుందాం. దానితో సంబంధం లేని షాటు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టెయ్. సినిమాలో డ్యూయెట్లున్నాయని చెప్పడానికి లిరికల్ వీడియోలున్నాయి. హీరో ఎలా ఉంటాడో గ్లింప్స్ చూపిస్తుంది, సినిమా రంగూ రుచీ టీజర్ చెబుతుంది. కథలోకి లాగే పని ట్రైలర్‌ది.

ఈ పనిలో మన భాష నీకు పెద్ద సాయం. తెలుగు వాక్యంలో అసలు సంగతి క్రియ దగ్గర, అంటే చివర్లో తేలుతుంది. 'ఆ లారీ రేవు దాటితే ఈ ఊళ్లో ఒక్కడూ మిగలడు' అని రాశావు. 'ఆ లారీ రేవు దాటితే...' దగ్గర కోసెయ్. లారీ హెడ్‌లైట్లు చూపించు, సౌండు మొత్తం ఆపు. మిగతాది చూసేవాడు పూరించుకుంటాడు, నువ్వు రాసినదానికన్నా పెద్దదే పూరించుకుంటాడు. 'వచ్చేలోపు', 'తెలిసేదాకా' కూడా ఇలాగే పనికొస్తాయి. అలాగని ప్రతి డైలాగూ గాల్లో వేలాడదీయకు. ట్రైలర్ మొత్తానికి రెండు చాలు, మూడోసారికి జనం కనిపెట్టేస్తారు.

ఈ సుగుణమే ఎడిటింగ్‌లో ఏడిపిస్తుంది కూడా. 'వాణ్ణి చంపింది నేను కాదు' అన్న డైలాగు పొడవైందని తోక కత్తిరిస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. మనకు కాదు, లేదు, వద్దు అన్నీ చివరే ఉంటాయి మరి. అందుకని ముఖ్యమైన డైలాగులకు పొట్టి రూపం ఒకటి రాసి పెట్టుకో. నటుడు డబ్బింగ్‌కి వచ్చిన రోజే రెండూ చెప్పించు. పొట్టి రూపాన్ని పెదాలు కనపడని షాటు మీద వేస్తే సరిపోతుంది: వీపు, లాంగ్ షాట్, వింటున్న వాళ్ల ముఖం.

ఇప్పుడు లెక్క. నీ ట్రైలర్‌ను 2 నిమిషాల 20 సెకన్లకు దించాలనుకుందాం, అంటే 140 సెకన్లు. బ్యానర్ లోగోలు, టైటిల్, రిలీజ్ తేదీ కలిపి 15 పోతాయి. డైలాగులన్నీ కలిపి 50 సెకన్లు దాటితే సంగీతానికి ఊపిరాడదు. ఆరు మాటల తెలుగు డైలాగుకు దాదాపు 3 సెకన్లు పడుతుంది. అంటే 16 లేదా 17 డైలాగులు. నీ 34లో సగం పోవాల్సిందే. అమెరికాలో థియేటర్ యజమానుల సంఘం 2014లో ట్రైలర్ 2 నిమిషాలు దాటొద్దని మార్గదర్శకాలే ఇచ్చింది. మన దగ్గర మూడు నిమిషాలైనా అభిమానులు ఈలలేస్తారు, నిజమే. అయితే ట్రైలర్ చూపించి ఒప్పించాల్సింది అభిమానుల్ని కాదుగా!

ఈలల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లో వేసినప్పుడు పంచ్ డైలాగు వెంటనే ఇంకో డైలాగు వస్తే రెండోది అరుపుల్లో కలిసిపోతుంది. ఖాళీ వదిలితే ఫోన్లో చూసేవాడికి అది చప్పగా ఉంటుంది. ఆ ఒకటిన్నర సెకను ఎదుటివాడి ముఖానికివ్వు. కాంట్రాక్టరు చేతిలో టీ గ్లాసు ఆగిపోవడం చాలు, రెండు చోట్లా పని జరుగుతుంది.

కథ చెప్పే డైలాగులన్నీ ఇంటర్వెల్ ముందు భాగం నుంచే తీసుకో. సెకండాఫ్ నుంచి షాట్లు వాడుకోవచ్చు కానీ ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియకూడదు. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) పూర్తికాని షాటు ఒక్కటి కూడా వద్దు. ఫోన్లో ఆపి, పెద్దది చేసి, సాయంత్రానికి మీమ్ చేస్తారు. ఇంటర్వెల్ బ్యాంగ్, అంటే విరామం ముందొచ్చే పెద్ద మలుపు, దాని జోలికి పోకు, నిర్మాత అడిగినా సరే.

సౌండు సంగతి స్క్రిప్ట్ రాసేవాడికెందుకు అనుకోకు. ట్రైలర్ కోసే నాటికి రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) చాలాసార్లు పూర్తయి ఉండదు. ఎడిటర్ ఎక్కడిదో మ్యూజిక్ తెచ్చి పెడతాడు, అందరూ దానికే అలవాటు పడతారు. తర్వాత సంగీత దర్శకుడి ట్రాక్ వచ్చి కూర్చుంటే ఒక్క కట్టూ బీటు మీద పడదు. ఎక్కడ నిశ్శబ్దం, ఎక్కడ దెబ్బ (ఒక్కసారిగా పడే పెద్ద శబ్దం) అన్నది స్క్రిప్ట్‌లోనే రాసి ముందుగా ఆయనకు పంపు. పెద్ద దెబ్బలు మూడు మించితే ఏదీ దెబ్బలా అనిపించదు. అవి కూడా ఉత్త బేస్ (లోతైన, బరువైన శబ్దం) మీద ఆధారపడితే ఫోన్ స్పీకర్లో వినపడనే వినపడవు, కాబట్టి ఫైనల్ మిక్స్ ఒకసారి మామూలు ఫోన్లో వినమని అడుగు. తమిళం, హిందీలోకి కూడా వెళ్తుందన్నావు. డైలాగు, సంగీతం, ఎఫెక్టులు విడివిడి ట్రాకుల్లో ఉండాలి. ప్రతి డైలాగు తర్వాత 12 ఫ్రేములు, అంటే అర సెకను, ఖాళీ ఉంచితే ఆ భాషల్లో మాట పొడుగైనా ఇరుక్కోదు. థియేటర్లో వేయాలంటే ట్రైలర్‌కు విడిగా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, రిలీజ్ తేదీ ముందురోజు దాకా సాగదీయొద్దని టీముకు చెప్పు.

రెండో డ్రాఫ్ట్ పేజీని నిలువునా రెండుగా గీసి రాయి. ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది. కథ తెలియని ఒకరికి చదివి వినిపించి, 'నీకేం తెలుసుకోవాలనుంది?' అని అడుగు. నువ్వు అనుకున్న ప్రశ్నే వాళ్ల నోట రాకపోతే మళ్లీ కొయ్యి.

మూడో పేజీలో తల్లి 'మీ నాన్నా ఇలాగే హారన్ కొట్టేవాడు' అంటుంది చూడు, అది మాత్రం తీసెయ్యకు. టైటిల్ పడ్డాక, చీకటి తెర మీద, హారన్ తర్వాత పెట్టి చూడు.

మీ అన్న