బస్తా ఎత్తే ముందు బెల్లం ముక్క తింటే ఆ బలం ఎప్పుడొస్తుంది?

"బెల్లం నోట్లో వేసుకోగానే ఆ తీపి చేతుల్లోకి బలంగా దిగుతుందా?" అని అడిగారు. ఆ బస్తాకి దిగదండి. ఏ అరగంట తర్వాతో ఎత్తే బస్తాకి పనికొస్తుంది.

డిగ్రీ రోజుల్లో, దాళ్వా కోతలప్పుడు, బస్తాలు మోసే ముఠావాళ్లతో పందెం కాసి 75 కేజీల ధాన్యం బస్తాలు కళ్లంలోంచి ట్రక్కు దాకా మోశాను. మొదటిది ఎత్తితే ఆయాసమే లేదు. నాలుగోదానికి తొడలు మండిపోయాయి. ఆరోది దారిలోనే దించేశాను. ఆ సీజనంతా నా మీద నవ్వులే.

కండ చక్కెరని నేరుగా వాడుకోలేదు. దానికి కావాల్సింది శక్తిని అందించే ఏటీపీ అనే అణువు. కండలో ఉన్న నిల్వ రెండు మూడు సెకన్లకి చాలు. ఆ వెంటనే కండలోనే ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే మరో పదార్థం అందుకుని ఏటీపీని మళ్లీ కూడగడుతుంది, అదీ పది సెకన్ల ముచ్చటే. నా మొదటి బస్తా దాని చలవే. 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి దీన్ని కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరానికి కూతవేటు దూరంలో చదువుకున్న నాకు ఈ మాట క్లాసులో ఒక్కరూ చెప్పలేదు, అదో మంట.

చక్కెర వంతు ఆ తర్వాత. అది కూడా రాత్రి తిన్న అన్నం, కండల్లో గ్లైకోజెన్‌గా దాగి ఉన్నది. ఆక్సిజన్ బాగా అందితే ఒక గ్లూకోజ్ అణువుకి 30 దాకా ఏటీపీలు, అందకపోతే నికరంగా రెండే. బరువుతో పరుగుపెడితే ఆ రెండింటి దారి మీదే ఎక్కువ ఆధారపడాలి. ఆమ్లత్వం పెరిగి తొడలు మండేది అప్పుడే.

ఇక కదలిక. అంతర్వేది ఒడ్డున వల తాడు లాగేవాళ్లని చూశారా? పట్టు, లాగు, వదులు, ఇంకాస్త ముందుకి పట్టు. కండలో మయోసిన్ అనే ప్రోటీన్ తలలు యాక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ పోగుల్ని అచ్చం అలాగే లాగుతాయి. విచిత్రం ఏంటంటే, పట్టు వదలడానికే ఏటీపీ వచ్చి అతుక్కోవాలి! అది అయిపోతే వదలడం కుదరదు. బజారులో చచ్చిన చేప కర్రలా బిగుసుకుపోయి ఉండేది అందుకే. మనం తాజా అని మురిసిపోయే బిగువు కూడా అదే.

ఇంత చేసినా ఖర్చయిన శక్తిలో సుమారు పావు వంతే పనవుతుంది, మిగతాది వేడి. ఏప్రిల్ ఎండలో కళ్లంలో ఆ వేడి సంగతి నన్నడగాలి.

బెల్లం తినండి, కాదనను. పనికి కాస్త ముందు తినండి, మధ్యమధ్యలో మళ్లీ తినండి, నీళ్లు మర్చిపోకండి. పందెం మాత్రం ముఠావాళ్లతో వద్దు.