ఐర్లండ్‌లో మందుకి వాడే మాటలు ప్రాంతాన్ని బట్టి మారతాయా?

మారతాయండీ, బాగా మారతాయి. చదువుకునేటప్పుడు అక్కడి కార్క్ నగరంలో సాయంత్రాలు ఒక పబ్‌లో పనిచేశాను, తర్వాత ఉద్యోగం డబ్లిన్‌లో. ఎక్కువగా అక్కడ విన్నవే చెబుతున్నాను.

డబ్లిన్‌లో మందుని 'గార్గల్' అంటారు, పింట్లని, అంటే పెద్ద బీరు గ్లాసులని, 'స్కూప్స్' అంటారు. 'రెండు స్కూప్స్‌కి వస్తావా' అని పిలిస్తే ఆ రెండుని నమ్ముకుని ఇంట్లో వంట పెట్టుకోకండి. తాగి తూలేవాడు అక్కడ 'లాక్డ్', కార్క్‌లో 'లాంగర్స్'. చివరి 'స్' మాత్రం మింగేయకండి. ఉత్త 'లాంగర్' అంటే వెధవ అని తిట్టు. కార్క్‌లో స్నేహితులు దాన్ని ముద్దుగానూ అనుకుంటారు, మనం మాత్రం చనువు కుదిరేదాకా ఆగడం మంచిది. ఉత్తరాన బెల్‌ఫాస్ట్ వైపు 'స్టీమింగ్', 'బ్లూటర్డ్' అంటారు. అక్కడి పెద్దవాళ్లు 'ఫుల్' అన్నా అదే అర్థం, అచ్చం మనవాళ్లు 'ఫుల్లుగా ఉన్నాడు' అన్నట్టే. ఇంటికి కొనుక్కెళ్లే సరుకు అక్కడ 'క్యారీ అవుట్'. ఇక 'ఆన్ ద లాష్' అంటే గట్టిగా తాగడానికే బయల్దేరారని, ఇది దేశమంతా నడుస్తుంది.

పింట్ అంటే 568 మి.లీ. 'గ్లాస్' అని అడిగితే అందులో సగమే పోస్తారు. 200 మి.లీ. సీసాని 'న్యాగిన్' అంటారు, మన క్వార్టర్ కన్నా కాస్త పెద్దది.

కార్క్‌లో నాకు బాగా నచ్చింది ముసలివాళ్ల పట్టుదల. 1759లో డబ్లిన్‌లో పుట్టిన గిన్నెస్ బీరు ఎంత పేరున్నదైనా, మా కౌంటర్ దగ్గర చాలామంది తమ ఊరి మర్ఫీసో బీమిషో అడిగేవారు. ముప్పావు గ్లాసు పోసి, నురగ తేరాక మిగతాది నింపాలి. అంతవరకూ పెద్దాయన గ్లాసు వంక చూస్తూ కూర్చుంటాడే తప్ప తొందరపెట్టడు. రెండోది కావాలంటే ఒక్క వేలు ఎత్తుతాడు, అంతే.

వీటన్నిటికన్నా ముందు మీకు అవసరమయ్యే మాట 'రౌండ్'. బల్ల దగ్గరున్న అందరికీ ఒకరు కొంటే తర్వాత వంతు ఇంకొకరిది. వంతు ఎగ్గొట్టినవాడి గురించి ఊరంతా చెప్పుకుంటారు. తాగని అలవాటైతే 'మినరల్' అడగండి, కూల్ డ్రింక్ ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మద్యం ముట్టబోమని మొక్కుకునేవాళ్ల 'పయనీర్' సంఘం 1898 నుంచీ అక్కడ ఉంది, కోటుకి దాని బిళ్ల పెట్టుకున్న పెద్దవాళ్లు కూడా పబ్‌కి వస్తారు, వాళ్లూ వంతు వచ్చినప్పుడు రౌండ్ కొంటారు.