టెక్ సందేహాలు: నీళ్లలోకి దిగకపోయినా డైవ్ వాచీ ఎందుకు?

ప్రశ్న: టీవీ సమర్పకుల చేతికి తరచూ లావుపాటి డైవ్ వాచీలు కనిపిస్తాయి. ఎందుకు? స్క్రీన్‌షాట్‌తో మోడల్ కనుక్కోవచ్చా?

జవాబు: టైమ్ ఇట్టే కనబడుతుంది కాబట్టి. డైవ్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైమ్ చదవగలగాలి. అందుకే నల్ల డయల్, అంకెల బదులు లావు చుక్కలు, వెడల్పాటి పెద్ద ముల్లు. కెమెరాకీ అదే కలిసొస్తుంది. నీళ్లలో ఎంతసేపు గడిచిందో చూసుకోవడానికి డయల్ చుట్టూ ఉన్న రింగు, అంటే బెజెల్, అపసవ్య దిశలోనే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి జరిగినా, గడిచిన సమయం ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. డైవర్ ముందే పైకొచ్చేస్తాడు. ఒడ్డున ఉన్నవాళ్లు రింగు మీది త్రికోణాన్ని పెద్ద ముల్లుకి ఎదురుగా పెట్టుకుంటే ఎన్ని నిమిషాలైందో లెక్క కట్టక్కర్లేదు. డైవ్ వాచీలకి పేరు రావడానికి సముద్రమూ కారణమే: 1953 నాటి బ్లాంపాఁ ఫిఫ్టీ ఫాథమ్స్ అనే డైవ్ వాచీని వాడినవాళ్లలో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో బృందం ఒకటి. 1968లో ఆయన టీవీ సిరీస్ కూడా మొదలైంది.

మోడల్ కోసం చెయ్యి కదలని ఫ్రేమ్ దగ్గర ఆపి, మణికట్టు వరకే క్రాప్ చేసి గూగుల్ లెన్స్‌కి ఇవ్వండి. మొదటి ఫలితాన్ని నమ్మొద్దు. రోలెక్స్ సబ్‌మెరైనర్‌ని పోలిన వాచీలు కోకొల్లలు. ముల్లుల ఆకారం, తేదీ గడి ఉందా లేదా, కీ (టైమ్ మార్చడానికి తిప్పే పక్క గుండీ) 3 దగ్గరుందా 4 దగ్గరుందా చూడండి. సీకో డైవ్ వాచీలు చాలావాటికి 4 దగ్గరే.

ప్రశ్న: నా డైవ్ వాచీ మీద 200 మీటర్లని రాసి ఉంది. వేడినీళ్ల స్నానం చేస్తే గ్లాసు లోపల ఆవిరి పట్టింది!

జవాబు: ఆ అంకె కొత్త గాస్కెట్లతో (నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగులతో) చేసిన పరీక్షది. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, వేడీ సబ్బూ దాన్ని ఇంకా పాడుచేస్తాయి. స్నానం తర్వాత చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకుని బయటి తేమని పీల్చుకుంటుంది. ముందు కీ చూడండి, చాలాసార్లు దోషి అదే. స్క్రూ కీ (మరలా తిప్పి బిగించేది) అయితే, బిగించేటప్పుడు మెల్లగా లోపలికి నొక్కి, మొదట వెనక్కి తిప్పండి. మర కూర్చుని 'టక్'మన్నాక ముందుకి తిప్పండి. బిగిసినట్టు తగలగానే ఆపేయాలి. బలంగా బిగిస్తే గాస్కెట్ నలుగుతుంది, వంకరగా పట్టిస్తే మర అరుగుతుంది.

బియ్యంలో పెట్టడం, ఎండలో ఉంచడం వద్దు. వెంటనే మెకానిక్‌కి ఇచ్చి వెనక మూత తీయించి ఆరబెట్టించండి. గాస్కెట్లు మార్పించి, ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఆలస్యమైతే లోపలి ఉక్కు భాగాలకి తుప్పు పడుతుంది. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ వెనక గాస్కెట్ కొత్తది వేయమనండి. సముద్రంలో తడిస్తే కీ బిగించి ఉండగానే మంచినీళ్లలో కడిగి, నీళ్ల కిందే బెజెల్ రెండు చుట్లు తిప్పండి. లేకపోతే ఉప్పూ ఇసుకా పట్టి రింగు బిగుసుకుపోతుంది.

ప్రశ్న: బాగున్న ఆటోమేటిక్ వాచీ (బ్యాటరీ లేకుండా చేతి కదలికతో నడిచేది) ఉన్నట్టుండి రోజుకి కొన్ని నిమిషాలు ముందుకెళ్తోంది.

జవాబు: ట్యాబ్లెట్ కవరు, స్పీకరు, ల్యాప్‌టాప్ మూత అయస్కాంతాల పక్కన పెడుతున్నారేమో. వాచీ వేగాన్ని నిలిపే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుంటే వాచీ పరుగెడుతుంది. మూత తీయకుండానే డీమాగ్నటైజర్‌తో (అయస్కాంతత్వం పోగొట్టే పరికరంతో) క్షణాల్లో సరిచేస్తారు. అప్పటికీ తగ్గకపోతే సర్వీసుకే ఇవ్వాలి.