పడని మందు పేరు

బంగారూ,

ఉద్యోగం వచ్చిందనీ, వేరే ఊళ్లో గది తీసుకుని ఒక్కదానివే ఉంటావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విన్నంతసేపూ గర్వంగానే ఉంది. ఫోన్ పెట్టేశాకే నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు వేసిన గంటకి కనురెప్పలు ఉబ్బిపోయి, కళ్లు తెరవలేక నా ఒళ్లో కూర్చున్న నీ మొహమే తెల్లవార్లూ కళ్ల ముందు ఆడింది.

సామాను సర్దుకోవడం, మంచి డాక్టర్ని చూసి పెట్టుకోవడం నేను చెప్పక్కర్లేదు. మందుల షాపు సంగతి మాత్రం చెప్పి తీరాలి. దిగిన వారంలోనే, ఒంట్లో బాగున్నప్పుడే ఒకటి చూసి పెట్టుకో. జ్వరంతో తూలుతూ వెతికితే తలుపు తెరిచి ఉన్న షాపే మంచి షాపు అనిపిస్తుంది.

నా కథ నీకు సగమే తెలుసు. మీ అమ్మకీ అంతే.

నాకు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ పడదు. ఇప్పుడంటే ఇంత తేలిగ్గా అనేస్తున్నాను గానీ అప్పట్లో నాకు ఆ పేరే తెలియదు. తెలిసిందల్లా ఒక స్ట్రిప్పు రంగు, దాని మీది బ్రాండు పేరు. అది వేసుకుంటే దద్దుర్లు వస్తాయి, అంతే. నేనెప్పుడూ వెళ్లే షాపాయనకి ఈ సంగతి తెలుసు. ఏ చీటీ ఇచ్చినా "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని స్ట్రిప్పు వెనకున్న చిన్న అక్షరాలు చదివేవాడు. నా వెనక నలుగురు నిలబడి ఉంటే ఈయన చదువు మొదలెట్టాడేమిటా అని నాకు ఒళ్లు మండేది.

ఓ సాయంత్రం పంటి చిగురు వాచింది. పళ్ల డాక్టరు ఏదైనా మందు పడదా అని అడిగాడో లేదో గుర్తు లేదు. అడిగినా, నొప్పి ధ్యాసలో తల అడ్డంగా ఊపే ఉంటాను. మన షాపు దగ్గర రద్దీగా ఉందని పక్కనే ఇంకో షాపులోకి దూరాను. "నాకు ఫలానా మాత్ర పడదండీ" అని బ్రాండు పేరు చెప్పాను కూడా. కౌంటర్ దగ్గర కుర్రాడు స్ట్రిప్పు తిప్పి చూపించి, "ఇది అది కాదండీ" అన్నాడు. అబద్ధమేం కాదు, పైన పేరు నిజంగానే వేరు. లోపలున్నది మాత్రం అమాక్సిసిలినే, తోడుగా క్లావులానిక్ యాసిడ్ అనే ఇంకో మందు.

మాత్ర మింగి, తలుపు గడియ పెట్టి పడుకున్నాను. మీ పెదనాన్న డ్యూటీలో ఉన్నారు. ముందు అరచేతులు దురద. తర్వాత పెదాలు దళసరిగా, నావి కానట్టు. దద్దుర్లేగా అనుకుని ఒక సెటిరిజిన్, అదే అలర్జీ మాత్ర, వేసుకుని మళ్లీ పడుకున్నాను. అసలు తెలివితక్కువ పని అదే. ఇంకాసేపటికి గొంతు బిగుసుకుంది, అరుద్దామంటే మాట పెగల్లేదు. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. గడియ పైన ఉంది. గోడ పట్టుకుని ఎంత చెయ్యి చాపినా అందలేదు బంగారూ. డ్యూటీ నుంచి వచ్చిన మీ పెదనాన్న బయట పిలుస్తున్నారు, వినిపిస్తోంది. ఆ గడియ చివరికి ఎలా తీశానో ఇప్పటికీ తెలీదు. ఆస్పత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ చేశాక గానీ ఊపిరి అందలేదు. ఒకసారి తగ్గాక మళ్లీ తిరగబెట్టొచ్చని రాత్రంతా ఉంచేశారు.

ఇప్పటికీ ఒంట్లో నలతగా ఉంటే గడియ పెట్టను. దొంగలొస్తారంటారు మీ పెదనాన్న. రానీ.

తర్వాత మన షాపాయన దగ్గరికి వెళ్తే ఒక్క మాట దెప్పలేదు. చీటీ మీద అసలు మందు పేరు రాసిచ్చి, "బ్రాండు పేర్లు ఎన్నైనా ఉంటాయమ్మా, మీరు పెన్సిలిన్ జాతి మందులు పడవని చెప్పండి" అన్నాడు. సెఫాలెక్సిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ దానికి చుట్టం లాంటిదని, డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దని చెప్పాడు. అంతటితో ఆగాడా, తలనొప్పికి నేను రోజూ వాడే ప్రొప్రనలాల్ అడ్రినలిన్‌ని సరిగా పని చెయ్యనివ్వకపోవచ్చనీ, డాక్టరుకి చెప్పమనీ అన్నాడు. అన్ని నెలలుగా ఆ మాత్ర వేసుకుంటున్నా నాకు ఎవరూ చెప్పని మాట అది.

ఇక నీ సంగతి. ఐబుప్రోఫెన్ ఒక్కటే మానేస్తే సరిపోతుందనుకోకు. డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ అన్నీ ఆ తానులో ముక్కలే. కొన్ని జ్వరం మాత్రల్లో పారాసెటమాల్ పక్కనే ఐబుప్రోఫెన్ కూడా కలిపేసి ఉంటుంది, ముందున్న పేరు చూసి మోసపోతాం. చాలా జలుబు మాత్రల్లో నిద్ర ముంచుకొచ్చే అలర్జీ మందు కలుస్తుంది, దాని మీద నువ్వు సెటిరిజిన్ వేసుకుంటే ఆఫీసులో తల వాల్చేస్తావు. ఇవన్నీ నువ్వు గుర్తుపెట్టుకోలేవు, నేనూ పెట్టుకోలేను. అందుకే అడిగి ఇచ్చే మనిషి కావాలి. నీ పేరుతో పాటు నీకు పడనివి రాసి పెట్టుకునేవాడు, బ్రాండు మారిస్తే మార్చానని చెప్పేవాడు, తెలియకపోతే "చూసి చెప్తా" అనేవాడు దొరికితే రెండు వీధులు ఎక్కువ నడిచైనా అక్కడే కొను.

నీకు ఏవి పడవో ఒకసారి అలర్జీ డాక్టరు దగ్గర తేల్చుకో. ఇంట్లో మాత్ర మింగి పరీక్షించుకున్నావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను. అడ్రినలిన్ పెన్ రాసిస్తే తొడకి ఎలా పొడుచుకోవాలో షాపులోనే చూపించమను. దాని మీద తేదీ చూడు. గొంతు పట్టేస్తే ముందు ఆ పెన్నే, సెటిరిజిన్ కాదు. కొత్త మందేదైనా సరే, పడుకునే ముందు ఒంటరిగా మొదలుపెట్టకు.

చీటీ ఒకటి ఇందులో పెడుతున్నాను, నీకు పడని పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో రాశాను. పర్సులో ఉంచు. షాపు చూసుకున్నాక ఆయన నిన్ను ముందు ఏమడిగాడో ఫోన్ చేసి చెప్పు. ఏమీ అడక్కుండా ఇచ్చేశాడంటే ఇంకోటి చూడు. ఆ గది గడియ ఎంత ఎత్తులో ఉందో కూడా చెప్పు.

మీ పెద్దమ్మ