మధ్యాహ్నం అన్నానికి లేపకండి

ప్రశ్న: మా ఆయనకు 38 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లు బాయిలర్ దగ్గర రాత్రి డ్యూటీ. ఉదయం ఎనిమిదింటికి టీ తాగి పడుకుంటారు. వేళకు తినకపోతే నీరసం వస్తుందని మా అత్తమ్మ అంటే, పన్నెండింటికి లేపి అన్నం పెడతాను. తర్వాత మళ్లీ నిద్ర పట్టదు. తరచూ జలుబు, ఒళ్లు నొప్పులు. రోగనిరోధక శక్తికి మంచి టానిక్ చెప్పండి.
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: టానిక్ పేరు రాయడం లేదమ్మా. నాలుగు గంటల నిద్రతో మనిషి రాత్రంతా బాయిలర్ ముందు నిలబడుతుంటే ఏ సీసా మందూ ఆదుకోదు. మన ఒంట్లోని గడియారం పగలు మెలకువ వైపే లాగుతుంది. అందుకే ఒకసారి తెగిన నిద్ర మధ్యాహ్నం మళ్లీ అతకదు.

అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. (డబ్బు తీసుకుని జలుబు తెచ్చుకునేవారూ ఉంటారు మరి!) ఏడు గంటలకు మించి నిద్రపోయేవారికన్నా ఆరు గంటల లోపు నిద్రపోయేవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉందని 2015లో ప్రచురించారు. అంతకుముందు, 2002లో వెలువడిన మరో అధ్యయనంలో కొన్ని రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి ఫ్లూ టీకా వేశారు. పది రోజుల తర్వాత చూస్తే, మామూలుగా నిద్రపోయినవారితో పోలిస్తే వారిలో యాంటీబాడీలు సగం కూడా లేవు.

అత్తమ్మగారి మాటా తీసేయక్కర్లేదు, వేళ మార్చండి చాలు. ఆయన ఇంటికి రాగానే స్నానం, రెండు రొట్టెలో కాస్త పప్పన్నమో తినడం, పడక. అసలు భోజనం సాయంత్రం లేచాక. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. ఫోను వేరే గదిలో ఉంచండి. పొద్దున ఇంట్లో తాగే టీ మానాలి, తెల్లవారుజామున మిల్లు దగ్గర తాగేది కూడా. దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది.

ఒక అనుమానం. జ్వరం లేకుండా వరుస తుమ్ములు, ముక్కు దురద ఉండి, సెలవు రోజున తగ్గితే అది జలుబు కాకపోవచ్చు. ఊక దుమ్ముతో వచ్చే అలర్జీ కావచ్చు. అప్పుడు ఎంత నిద్రపోయినా పూర్తిగా పోదు. ముక్కూ నోరూ మూసే మంచి మాస్కు కావాలి, తువ్వాలు చాలదు. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించండి, ఉచితమే. నిద్ర చాలనివారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి, వెళ్లినప్పుడే షుగరు కూడా చూపించండి.